కొత్తిమీర కుండీ ముందు మొదటి శీలం

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మేము ఆరు కుటుంబాల వాళ్లం. ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరి రైల్వే క్వార్టర్సు వరండాలో కలుస్తాం. ఒక పీట మీద బుద్ధుని ప్రతిమ, బాబాసాహెబ్ పటం పెట్టుకుంటాం. త్రిశరణ పంచశీలాలు చెప్పుకుంటాం. 'బుద్ధుడు – ఆయన ధమ్మం' నుంచి నాలుగు పేజీలు చదువుకుంటాం. టీ తాగి ఎవరిళ్లకు వాళ్లం వెళ్లిపోతాం. మాకు విహారం లేదు. సందేహం వస్తే తీర్చడానికి దగ్గరలో భంతేజీ లేరు. మా సందేహాలు మేమే తీర్చుకోవాలి. తీరకపోతే వచ్చే ఆదివారానికి మోసుకుపోవాలి.

మొన్న జనవరిలో అలా మోసుకుపోయిన సందేహం ఒకటి మూడు ఆదివారాలు మమ్మల్ని వదల్లేదు. అది ఒక కొత్తిమీర కుండీ దగ్గర పుట్టింది.

ఆ వారం కలిసిన ఇంటి వరండాలో పది పన్నెండు కుండీలున్నాయి. కొత్తిమీర, పుదీనా, వామాకు, పెద్ద సిమెంటు తొట్టిలో కరివేపాకు. మా ఊరిది ఎర్ర మొరం నేల. ఎండితే రాయిలా బిగుసుకుంటుంది. అందుకే ఆకుకూరలు కుండీల్లో పెంచుకునే అలవాటు మా ఇళ్లలో ఎక్కువ. శీలాలు చెప్పుకోవడం అయ్యాక ఆ ఇంటి పెద్దావిడ, మేమంతా పిన్ని అని పిలిచే మనిషి, టీ నీళ్లు పొయ్యి మీద పెట్టి వచ్చి కొత్తిమీర కుండీ ముందు గొంతుక్కూర్చుంది. లేత కాడల్ని పేనుబంక పట్టేసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కో కాడా పెట్టి కింది నుంచి పైకి నలిపింది. వేళ్లకు పచ్చటి మరక అంటుకుంది.

మా పిల్లల్లో ఏడో తరగతి చదివే అమ్మాయి అది చూసి అడిగింది: "మామ్మా, ఇప్పుడే కదా పాణాతిపాతా వేరమణి అన్నాం?"

పిన్ని చెయ్యి ఆగింది. మా మాటలూ ఆగాయి.

ఇబ్బంది తప్పించడానికి మాలో ఒకరన్నారు: "పోనీ పిన్నీ, ఆ కుండీ వదిలెయ్యి. గోల్‌బజార్‌లో కట్టలు కట్టలు దొరుకుతున్నాది కదా. ఈ పాపం మనకెందుకు?"

పిన్ని వేళ్లు కడుక్కుంటూ అంది: "గోల్‌బజార్ కొత్తిమీరకి పేను ఎందుకు లేదో ఎప్పుడైనా అడిగేవేటి? ఎవడో మందు కొట్టేడు కాబట్టి లేదు. కొట్టినోడు ఎవడు? మా తమ్ముడు లాంటోడే కదా."

ఆమె తమ్ముడి సంగతి మాకు తెలుసు. శ్రీకాకుళం వైపు పల్లెలో ఉంటాడు. సొంత సెంటు భూమి లేదు. ఊళ్లో రైతుల చేలకు కూలికి మందు కొట్టేవాడు. ఒక రోజు మధ్యాహ్నం వీపున స్ప్రేయరు ఉండగానే చేలో పడిపోయాడు. నోట నురగ వచ్చింది. బతికాడు గానీ, ఆ తర్వాత చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ రోజు నుంచి పిన్ని ఇంట్లోకి పురుగుమందు సీసా రాలేదు. బొద్దింకల మందు కూడా రాలేదు. ఏ పురుగైనా ఆమె వేళ్లతోనే తీస్తుంది.

పిల్ల అడిగిన ప్రశ్న ఒకటి. పిన్ని అడిగిన ప్రశ్న ఒకటి. రెండూ కలిపి చూస్తే తప్ప దేనికీ జవాబు లేదని మాకు తెలియడానికి మూడు వారాలు పట్టింది.

పురుగు లెక్కలోకి వస్తుందా?

ముందుగా ఒక ఆక్షేపణ. మనుషులనే చంపుతున్న కాలంలో, కులం పేరు మీద ప్రాణాలు పోతున్న దేశంలో పేనుబంక గురించి చర్చ ఏమిటి? ఈ మాట మాలోనే ఒకరు కోపంగా అన్నారు. ఆ కోపం న్యాయమైనది. కానీ శీలం అనేది పెద్ద సందర్భం కోసం దాచుకునే నగ కాదు. రోజూ చేసే పనిలో దాన్ని తీసి చూసుకోకపోతే పెద్ద సందర్భంలో అది మన దగ్గర ఉండదు. పైగా ఈ చిన్న ప్రశ్న మమ్మల్ని చివరకు మనుషుల దగ్గరికే తీసుకుపోయింది.

మాకు రెండు తేలిక జవాబులు తట్టాయి. "పురుగు ఏం లెక్క?" అన్నది మొదటిది. "ప్రాణం ప్రాణమే, దేన్నీ ముట్టుకోకూడదు" అన్నది రెండోది. రెండూ ఆలోచించే శ్రమను తప్పించేవే.

మొదటి జవాబు ధమ్మంలో నిలవదు. వినయంలో భిక్షువు తెలిసి ప్రాణిని చంపితే పాచిత్తియ దోషం. ప్రాణులున్నాయని తెలిసిన నీళ్లు వాడుకున్నా, ఆ నీళ్లను గడ్డి మీదో మట్టి మీదో పోసినా దోషమే. వర్షావాసం ఎలా మొదలైందో గుర్తు చేసుకోండి. వానాకాలంలో తిరిగే భిక్షువులు పచ్చికనూ చిన్న చిన్న పురుగులనూ తొక్కి చంపుతున్నారని జనం తప్పుపట్టారు. అంత చిన్న ప్రాణుల గురించి గొడవేమిటని బుద్ధుడు కొట్టిపారెయ్యలేదు. మూడు నెలలు ఒకచోట నిలవమన్నాడు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మన చేత చేయించిన 22 ప్రతిజ్ఞల్లో కూడా అన్ని ప్రాణుల మీదా దయ చూపి కాపాడతామన్న మాట ఉంది. అందులో కాళ్లు ఎన్ని ఉన్నాయన్న లెక్క లేదు.

రెండో జవాబూ నిలవదు. ధమ్మపద అట్ఠకథలో మొట్టమొదటి కథ చక్ఖుపాల థేరుడిది. చూపు పోయిన ఆ వృద్ధ భిక్షువు వాన కురిసిన రాత్రి చంక్రమణం చేస్తుంటే పాదాల కింద పడి పురుగులు చచ్చాయి. తక్కిన భిక్షువులు వెళ్లి బుద్ధుడికి చెప్పారు. ఆయన వాటిని చూడలేదు, చంపాలన్న తలంపు ఆయనకు లేదు, కనుక దోషం లేదన్నాడు బుద్ధుడు. ధమ్మం ముందుగా చూసేది చేతననే. అట్ఠకథలు ప్రాణిహింసకు ఐదు అంగాలు చెబుతాయి: ప్రాణి ఉండాలి, అది ప్రాణి అని తెలియాలి, చంపాలన్న మనసుండాలి, ప్రయత్నం ఉండాలి, ఆ ప్రయత్నం వల్ల అది చావాలి.

నిజం చెప్పుకోవాలి కదా. పిన్ని వేళ్ల మధ్య ఐదు అంగాలూ ఉన్నాయి. చక్ఖుపాలుడి కథ చాటున ఆమె దాక్కోలేదు. దాక్కుంటానని ఆమె అనలేదు కూడా.

ఇక్కడ బాబాసాహెబ్ మాకు దారి చూపారు. అహింస గురించి రాస్తూ ఆయన రెండు భేదాలు చెప్పారు. ఒకటి, సూత్రానికీ నియమానికీ ఉన్న తేడా. నియమం చేతులు కట్టేస్తుంది. సూత్రం మన బుద్ధిని వాడుకోనిస్తుంది, ఆ బుద్ధికి మనల్నే బాధ్యుల్ని చేస్తుంది. బుద్ధుడు అహింసను సూత్రంగా ఇచ్చాడని ఆయన వివరించారు. రెండోది, చంపవలసిన అవసరానికీ చంపాలన్న కోరికకూ ఉన్న తేడా. కోరిక తప్ప వేరే కారణం లేని చావును ధమ్మం ఒప్పుకోదు. అశోకుడి ఐదో స్తంభశాసనంలోనూ ఇలాంటి వివేకమే కనిపిస్తుంది. ప్రాణులున్న ఊకను కాల్చవద్దన్నాడు. పనిలేకుండా గానీ, ప్రాణుల్ని హింసించడానికి గానీ అడవుల్ని తగలబెట్టవద్దన్నాడు. నిప్పే పెట్టవద్దని అనలేదు.

అయితే 'అవసరం' అన్న మాట రబ్బరులాంటిది. ఎవరు లాగితే వారి వైపు సాగుతుంది. మన పెరుగుపచ్చట్లోకి నాలుగు కొత్తిమీర ఆకులు కావడం అవసరమా? అవసరమని ఎవరు తేల్చాలి? దాని ఖర్చు ఎవరు భరించాలి? మొదటి ఆదివారం ఇక్కడికొచ్చి ఆగిపోయాం.

తామ్రలిప్తి విహారంలో కూరగాయలు

రెండో ఆదివారం మాలో ఎక్కువ పుస్తకాలు చదివిన బాబాయి, రిటైరైన గార్డు, ఒక సంగతి తెచ్చారు. అది మన ఊరి పక్కనే జరిగిన సంగతి అనడంతో పిల్లలు కూడా దగ్గరకు జరిగారు.

ఇప్పటి తమ్‌లూక్ ఒకనాటి తామ్రలిప్తి. 2002లో జిల్లా రెండు ముక్కలైంది గానీ, అంతవరకూ మనదీ వాళ్లదీ ఒకే మేదినీపూర్ జిల్లా. చైనా యాత్రికుడు ఇత్సింగ్ 673లో ఓడ దిగింది ఆ రేవులోనే. నలందాకు పోయేముందు సంస్కృతం నేర్చుకుంటూ కొన్నాళ్లు అక్కడే ఉన్నాడు. అక్కడి భిక్షువులు ఎంత శ్రద్ధగా శీలం పాటించేవారో ఆయన మెచ్చుకుంటూ రాశాడు. పొద్దున్నే బావి దగ్గర నీళ్లు పరీక్షించేవారట. పురుగు కనిపిస్తే వడగట్టేవారట.

ఆయన ఇంకో దృశ్యం కూడా రాశాడు. విహారం బయట కౌలుదార్లు కూరగాయలు తెచ్చి మూడు వాటాలు వేశారు. ఒక వాటా భిక్షువులకిచ్చి, రెండు వాటాలు తాము పట్టుకుపోయారు. ఇదేమిటని ఆయన అడిగాడు. దున్నినా, నీళ్లు పెట్టినా ప్రాణులు చస్తాయి; అందుకని భిక్షువులు స్వయంగా సాగు చెయ్యరు; భూమిని ఇతరులకిచ్చి పంటలో ఒక వంతు మాత్రం తీసుకుంటారు; ఆ విధంగా హింసాదోషం అంటకుండా బతుకుతారు అని జవాబు వచ్చింది. ఇత్సింగ్‌కు అది బాగా నచ్చింది.

బాబాయి అంతవరకు చెప్పి ఊరుకున్నారు. పిన్నే అడిగింది: "మరి ఆ దోషం ఎవుడికి అంటింది? దున్నినోడికేనా?"

మేము ఆ భిక్షువులను నిందించడం లేదు. ఇల్లు విడిచి, భిక్షతో బతికే మనిషి నియమం వేరు. మట్టి తవ్వకపోవడం, మొక్క తుంచకపోవడం కూడా వాళ్ల వినయంలో ఉన్నాయి. కౌలుదారుకు రెండు వాటాలు వదలడం ఈనాటి కామందుల్లో చాలామంది చెయ్యని పని. కానీ మేము భిక్షువులం కాము. ఉద్యోగాలు చేసుకుని, సంచీ పట్టుకుని బజారుకు పోయే గృహస్థులం. విహారం కోసం పెట్టిన ఏర్పాటును మా వంటింట్లోకి తెచ్చుకుంటే అది ఎలా మారుతుంది? పురుగును ఎవరో చంపుతారు. కూర మేము తింటాం. శీలం మాది, దోషం వాళ్లది.

ఈ లెక్క మాకు ఎక్కడో విన్నట్టు అనిపించింది. విన్నది కాదు, అనుభవించింది.

ఈ దేశంలో కులం నడిచింది ఈ లెక్క మీదనే. చచ్చిన పశువును ఊరి నుంచి ఈడ్చేది ఒకరు, ఆ తోలుతో కుట్టిన చెప్పు తొడుక్కునేది ఇంకొకరు. తోలు తీసినవాడు అంటరానివాడు, తొడుక్కున్నవాడు శుచిగలవాడు. మా తాతల తరం శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికి ఈ ఊరికి వచ్చింది. వచ్చినవాళ్లలో బొగ్గు పారవేసినవాళ్లున్నారు, పట్టాలు మోసినవాళ్లున్నారు, బండ్లలో మరుగుదొడ్లు కడిగినవాళ్లున్నారు. ప్రయాణికులు శుభ్రంగా దిగిపోవడానికి మా వాళ్లు మురికిలో నిలబడ్డారు. ఆ శుభ్రతకు మెచ్చుకోలు దిగినవాళ్లకు దక్కింది. మురికికి వచ్చిన పేరు మాత్రం మావాళ్ల మీదే మిగిలింది.

అటువంటి ఇళ్లలో పుట్టి ధమ్మంలోకి వచ్చిన మేము, "పురుగును నేను చంపను, బజారు కట్ట కొనుక్కుంటాను" అంటే ఏమైనట్టు? కులం విడిచిపెట్టి దాని తర్కాన్ని మాత్రం కొత్తిమీర కట్టలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నట్టు కాదా?

బాబాయి న్యాయంగా ఎదుటి వాదన కూడా పెట్టారు. తన కోసం చంపారని చూడక, వినక, అనుమానించక ఉంటే భిక్షువు మాంసం తీసుకోవచ్చని వినయం చెబుతుంది కదా; ఆ రైతు మన కోసమని మందు కొట్టలేదు కదా? నిజమే. అట్ఠకథల ప్రకారం సొంత చేత్తో చంపినా, ఆజ్ఞ ఇచ్చి చంపించినా ప్రాణిహింసే. బజార్లో కొనడం ఆజ్ఞ ఇవ్వడం కాదు. ఆ లెక్కలో చూస్తే కొన్నవాడు శీలభంగం చేసినవాడు కాడు. కానీ పాత్రలో పడింది తినవలసినవాడికి ఇచ్చిన సడలింపు అది. డబ్బిచ్చి ఏరుకునేవాడికి అది ఎంతవరకు వర్తిస్తుంది? ఆకు మీద ఒక్క చిల్లు కనబడితే కట్టను పక్కకు విసిరేసేది మనమే. చిల్లు లేని ఆకునే మనం అడుగుతున్నప్పుడు ఆ అడగడం ఎంతో కొంత ఆజ్ఞే అవుతుంది.

సీసా మీది త్రికోణం

మూడో ఆదివారం ఒక అబ్బాయి పురుగుమందు సీసాల మీది గుర్తు గురించి చెప్పాడు. మన దేశంలో 1968 నాటి పురుగుమందుల చట్టం కింద ప్రతి సీసా మీదా రంగు త్రికోణం ఉండాలి. ఎరుపు అతి తీవ్ర విషం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకూడదని 2005లోనే నిషేధించారు. కానీ త్రికోణం రంగు ఏమిటో, ఏ పంటకు ఏది నిషేధమో చదివి చెప్పేవాళ్లు చేలో కూలికి వెళ్లిన మనిషి పక్కన ఉండరు. చేతి తొడుగు, ముక్కు గుడ్డ ఉండవు. గాలి ఎదురు తిరిగితే మందు అతని మీదే పడుతుంది. పురుగు కోసం చేసిన విషానికి పురుగుకూ మనిషికీ తేడా తెలియదు.

1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో పగిలిపడిన విషం కూడా పురుగుమందు తయారీకి నిల్వ చేసిందే. కర్మాగారం గోడ పక్కన గుడిసెల్లో ఉన్న పేదలు మొదట చచ్చిపోయారు. ఆ రాత్రి స్టేషన్లో డ్యూటీలో ఉన్న రైల్వే సిబ్బంది కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. రైల్వే కుటుంబాల వాళ్లం కాబట్టి ఆ మాట మాకు మరీ తగిలింది.

మా వరండాల్లో కూడా తప్పు జరిగింది. అది దాచకూడదు. రెండేళ్ల కిందట మాలో ఒకరు పుదీనాకు పట్టిన పేనుబంక మీద ఇంట్లో ఉన్న బొద్దింకల మందు కొట్టారు. సాయంత్రానికి పేను చచ్చింది. దానితో పాటు దాన్ని తినడానికి చేరిన అక్షింతల పురుగులూ చచ్చాయి. పది రోజుల్లో పేనుబంక మళ్లీ వచ్చింది, ఈసారి తినేవాళ్లు లేక ముందుకన్నా ఎక్కువగా వచ్చింది. పుదీనా తినడానికి భయమేసి పీకి పారేశారు. ఇంత చావు జరిగి, చివరకు ఒక్క ఆకు కూడా నోట్లోకి పోలేదు. చేతిని మురికి కానివ్వని చావు ఎంత విచ్చలవిడిగా ఉంటుందో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు పిన్ని వేళ్లు చూశాక తెలిసింది.

మేము కుదుర్చుకున్నది

అంటే వేలితో నలిపితే మంచిదని కాదు. ఈ మాట పిన్నే ఒప్పుకుంది. "మొదట్లో పులుసులోకి ఆకు కావాలని తీసేదాన్ని. తర్వాత తర్వాత అలవాటైపోయింది. పూత వచ్చేసి, ఇక తినడానికి పనికిరాని కాడ మీద కూడా నలిపేస్తున్నాను. అక్కడ అవసరం ఏటుంది?" అంది. అవసరంతో మొదలైన చెయ్యి ఎప్పుడు కోరికలోకి జారిపోతుందో చేతికి తెలియదు. అందుకే శీలం రోజూ చెప్పుకోవాలి.

మేము నాలుగు విషయాలు అనుకున్నాం. ఇవి మీకు నియమాలని చెప్పడం లేదు; మా ఆలోచన ఎక్కడ ఆగిందో చెబుతున్నాం.

మొదటిది, పురుగు రాకుండా చూసుకోవడం. చావు అవసరమే రాకుండా చెయ్యడం అన్నిటికన్నా మంచి అహింస. కొత్తిమీర గింజలు ఒత్తుగా చల్లితే గాలి ఆడదు. ఎరువు మరీ ఎక్కువైతే కాడలు లేతగా, రసంగా పెరిగి పేనుబంకను పిలుస్తాయి. పేనుబంకలో ఆడవి మగవాటితో పని లేకుండానే పిల్లల్ని పెడతాయి. నాలుగు పురుగులున్నప్పుడు చూస్తే పోయేది, వారం ఆగితే కాడంతా నిండిపోతుంది. రోజూ ఆకు తిప్పి చూసేవాడికి తక్కువ చావుతో పని అయిపోతుంది. అశ్రద్ధ చేసినవాడే ఎక్కువ చంపుతాడు. బుద్ధుడు అప్పమాదం గురించి అంతగా ఎందుకు చెప్పాడో కుండీ దగ్గర కూడా అర్థమవుతుంది.

రెండోది, ఒక మెట్టు సరిపోతే రెండో మెట్టు ఎక్కకపోవడం. ముందు కాడను చేత్తో పట్టుకుని నీళ్లు గట్టిగా కొట్టి రాల్చడం. తర్వాత బాగా పట్టిన కొమ్మను తుంచి దూరంగా పెట్టడం. అప్పటికీ ఆగకపోతే లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి రెండు మూడు చుక్కల సబ్బు వేసి సాయంత్రం చల్లడం. వేప చాలా పురుగులకు ఆకు రుచించకుండా చేస్తుంది, ఎదగనివ్వదు. సబ్బు నీళ్లు మాత్రం మెత్తటి పురుగును నేరుగా చంపుతాయి. సహజమైనదని, సేంద్రియమని పేరు పెట్టి దాన్ని అహింస అనుకోకూడదు. నీళ్లతో రాల్చిన పేనుబంకలో కూడా చాలామట్టుకు తిరిగి మొక్క ఎక్కలేక చస్తుంది. చేసే పనిని దాని పేరుతోనే పిలవడం మూసావాదా వేరమణి. మొదటి శీలం కోసం నాలుగో శీలాన్ని తప్పకూడదు.

మూడోది, అవసరం లేనిచోట చెయ్యి తీసెయ్యడం. కరివేపాకు మీద పక్షి రెట్టలా కనిపించి, తర్వాత పచ్చగా లావెక్కే గొంగళిని చూసే ఉంటారు. ముట్టుకుంటే తల దగ్గర నుంచి రెండు కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన కొడుతుంది. అది నలుపు పసుపుల సీతాకోకచిలుక అవుతుంది. చిన్న కుండీ మొక్కనైతే రెండు పురుగులు బోడి చేసేస్తాయి. మా సిమెంటు తొట్టిలో కరివేపాకు మనిషెత్తు ఉంది. అది నాలుగు పురుగులకు పెట్టి మాకూ పెడుతుంది. చిన్న మొక్క మీద దొరికినవాటిని ఆకుతో సహా తీసి నిమ్మచెట్టు మీద వదులుతున్నాం. నిమ్మ కూడా దానికి ఆహారమే. నిమ్మచెట్టు పక్క క్వార్టర్సు బెంగాలీ బౌదీది. ముందుగా ఆమెనడిగే వదులుతున్నాం. మన దయ భారం కూడా అడక్కుండా ఇంకొకరి మీద పెట్టకూడదు కదా.

నాలుగోది, అవసరం ఉన్నచోట వెనకాడకపోవడం. కుండీ కింద పళ్లెంలో నిలిచిన నీళ్లలో డెంగీ దోమ పెరుగుతుంది. చీమలు పేనుబంక విసర్జించే తీపిరసం కోసం దాన్ని కాపలా కాస్తాయని, కుండీ స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాం. అందులోనూ తోక పురుగులు కనిపించాయి. ఆ గిన్నెలు వారానికోసారి కాదు, వెంటనే బోర్లించాం. తోక పురుగులు ఎండలో చచ్చాయి. ఐదు అంగాలూ అక్కడా ఉన్నాయి. కానీ పక్కింటి పసిబిడ్డకు జ్వరం వస్తే, మా శీలం చెక్కుచెదరలేదని వాళ్లమ్మకు ఏ మొహంతో చెబుతాం? అక్కడ చెయ్యి ఆపడం కరుణ కాదు, మన శుచిని మనం కాపాడుకోవడం.

ఈ నాలుగింటి కిందా ఉన్నది ఒకటే: తప్పనిసరి అనుకున్న హింసను కళ్లు తెరిచి, సొంత చేత్తో, ఎంత తక్కువకు అంత తక్కువగా చెయ్యాలి, దాని బరువు మనమే మొయ్యాలి. కూలివాడి ఊపిరితిత్తుల మీదకి నెట్టకూడదు. బజారు కూర పూర్తిగా మానడం మా వల్ల కాదు. అందరికీ వరండా లేదు, కుండీ పెట్టే ఓపికా లేదు. కానీ చిల్లుపడ్డ ఆకును ఏరి పారెయ్యకుండా కొనడం చేతనవుతుంది. మందు లేకుండా పండించినవాడికి రెండు రూపాయలు ఎక్కువివ్వడం చేతనవుతుంది. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామస్థులు 2000 దశకం మొదట్లోనే పురుగుమందులు మానేసి పంట తీసి చూపించారు. అక్కడి ఆడవాళ్లు వేపగింజలు దంచారు, దీపపు ఎరలు పెట్టారు. పురుగుల్ని అసలు చంపలేదని కాదు. చంపడం కోసం కూలివాళ్ల ప్రాణాలు పణంగా పెట్టడం మానేశారు.

పిల్ల కుండీ

ఇంతా చెప్పుకున్నాక ఏడో తరగతి అమ్మాయి ఒప్పుకుందా? లేదు.

"అయితే మామ్మ నలిపింది తప్పు కాదా?" అని మళ్లీ అడిగింది. అవసరమైనంతవరకే చేస్తే తప్పు తక్కువ అన్నాం. "తక్కువంటే కొంత ఉన్నట్టే కదా" అంది. మేమేమీ అనలేదు. ఆ కొంత ఉంది. అది లేదని ఆ పిల్లకు చెప్పడం కన్నా, ఉందని ఒప్పుకోవడమే మంచిదనిపించింది.

ఆ అమ్మాయి ఒక కొత్తిమీర కుండీని తన కింద తీసుకుంది. పూత వచ్చి ముదిరిపోయిన కుండీ అది. దాన్ని ఎవరూ ముట్టకూడదంది. పేనుబంక కాడల నిండా పట్టింది. వారం తిరక్కుండా ఎర్రటి అక్షింతల పురుగులు వచ్చి చేరాయి. కొత్తిమీర పూలకు చిన్న సిర్ఫిడ్ ఈగలు వచ్చాయి. వాటి పిల్లలు కూడా పేనుబంకనే తింటాయి. అక్కడ పెరిగిన అక్షింతల పురుగులు పక్క కుండీలకూ పాకాయి. ఫిబ్రవరిలో పిన్ని వేళ్లకు పని బాగా తగ్గింది.

"అంటే అక్షింతల పురుగు చేత చంపిస్తున్నామా మనం?" అన్నారు బాబాయి నవ్వుతూ. అమ్మాయి ఆలోచించి చెప్పింది: "మనం పిలవలేదు, కూలివ్వలేదు, భయపెట్టలేదు. దాని అన్నం అది తింటోంది. మనం దాని మీద మందు కొట్టలేదు, అంతే." ఒకరి చేత చేయించడానికీ, ఒకరి బతుకు వాళ్లను బతకనివ్వడానికీ తేడా మేము మూడు వారాలు వెతికాం. ఆ పిల్ల మూడు ముక్కల్లో చెప్పింది.

ఇప్పుడు ఆదివారం పంచశీలం చెప్పుకునేటప్పుడు మొదటి శీలం దగ్గర మా గొంతులు కొంచెం నెమ్మదిస్తున్నాయి. ఎవరూ అనుకుని చేస్తున్నది కాదు. పిన్ని ఇప్పటికీ కుండీ ముందు కూర్చుంటుంది. ఆకు తిప్పి చూస్తుంది. ఒక్కోసారి నలుపుతుంది. ఎక్కువసార్లు చూసి లేచిపోతుంది. లేచాక తమ్ముడికి ఫోన్ చేస్తుంది. ఈ మధ్య అతను మందు కొట్టే పనికి పోవడం మానేశాడట. చేతులు మాత్రం ఇంకా వణుకుతున్నాయి.

జై భీమ్. నమో బుద్ధాయ.